ద్రవబల సాధకుడు జోసెఫ్ బ్రామా

లారీలను, ట్రాక్టర్లను బాగుచేసే వర్క్‌షాపులో తుప్పుపట్టి ఇరుసుకు కరచుకొనిపోయిన బేరింగును ఊడదీయడం తేలికైన పని కాదు. సుత్తితో కొడితే బేరింగు పగులుతుంది, ఇరుసు చివర నలుగుతుంది, కొట్టినవాని భుజం నొప్పిపుడుతుంది. అటువంటప్పుడు మెకానిక్కు ఆ ఇరుసును ఒక మూల నిలిచి ఉన్న ఇనుప చట్రం దగ్గరకు మోసుకుపోతాడు. రెండు నిలువు స్తంభాలు, వాటిని కలుపుతూ పైన ఒక దూలం, నడుమ ఒక అడ్డబల్ల, పైదూలం నుండి వ్రేలాడే లావాటి సిలిండరు, ప్రక్కన చేతిలో ఇమిడేటంత చిన్న పంపు, దానికొక పొడుగాటి పిడి. ఆ పిడిని కొన్నిసార్లు ఎత్తి దించేసరికి, అంతసేపు సుత్తికి లొంగని బేరింగు చప్పుడు లేకుండా జారి వస్తుంది. ఈ యంత్రమే హైడ్రాలిక్ ప్రెస్సు. పంపు అంత చిన్నది, చట్రం అంత బలిష్ఠమైనది ఎందుకయింది? సిలిండరు గోడకు అంత మందమెందుకు? పని అంత నిదానంగా సాగడమెందుకు? ఈ ప్రశ్నలకు సమాధానాలు పద్దెనిమిదవ శతాబ్దపు చివరి రోజులలో లండన్ నగరంలో ఒక వడ్రంగి పడిన శ్రమలో దొరుకుతాయి. ఆ వడ్రంగి పేరు జోసెఫ్ బ్రామా.

ఇంగ్లండు దేశంలోని యార్క్‌షైరు ప్రాంతంలో, బార్న్‌స్లీ పట్టణానికి సమీపాన ఉన్న స్టెయిన్‌బరో గ్రామంలో 1748 ఏప్రిల్ 13వ తేదీన బ్రామా జన్మించాడు. తండ్రి వ్యవసాయదారుడు. సిల్క్‌స్టోన్ అనే గ్రామంలోని బడిలో అతనికి కొద్దిపాటి చదువు అబ్బింది. ఆ రోజులలో రైతు బిడ్డకు పొలమే భవిష్యత్తు. కాని పదహారేళ్ళ ప్రాయంలో చీలమండకు తగిలిన గాయం ఆ దారిని మూసివేసింది. నాగలి వెంట నడవలేని కుమారుని తండ్రి థామస్ ఆలట్ అనే వడ్రంగి వద్ద శిష్యునిగా చేర్పించాడు. చిన్ననాటి నుండే దొరికిన కొయ్యముక్కతో వాద్యాలు చెక్కే సరదా గల పిల్లవానికి అది శిక్షగా తోచి ఉండదు. శిష్యరికం ముగిశాక ఆయన లండన్ చేరి, కలప సామాను చేసే పనివానిగా స్థిరపడ్డాడు.

లండన్‌లో సంపన్నుల ఇళ్ళలో అప్పుడప్పుడే నీటితో శుభ్రపడే మరుగుదొడ్లు వెలుస్తున్నాయి. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు 1775లో అటువంటి దొడ్డికి పేటెంటు పొందాడు. వాటిని ఇళ్ళలో అమర్చే పని బ్రామాకు దొరికింది. గిన్నె అడుగున ప్రక్కకు జరిగే కవాటం సరిగా మూసుకోకపోవడం, చలికాలంలో గడ్డకట్టి కదలకపోవడం ఆయన గమనించాడు. దాని స్థానంలో మడతబందుపై తిరిగే మూతను అమర్చి, 1778లో తన మొదటి పేటెంటు పొందాడు. ఒక మహానిర్మాత జీవితం మరుగుదొడ్డితో మొదలయిందని నవ్వుకొనే వారుంటారు. దుర్గంధమూ, రోగమూ రాజ్యమేలిన ఆనాటి నగరాన్ని తలచుకొంటే ఆ నవ్వు నిలువదు. పైగా బ్రామా జీవితాన్ని నడిపిన ప్రశ్న ఇక్కడే తొలిసారి కనిపిస్తుంది. తెరవవలసినప్పుడు తేలికగా తెరుచుకొని, మూయవలసినప్పుడు చుక్క కూడా జారకుండా మూసుకొనే సాధనాన్ని చేయడమెట్లా అన్నదే ఆ ప్రశ్న.

దొంగల భయం మెండుగా ఉన్న లండన్‌లో ఆ ప్రశ్న ఆయనను తాళాల వైపు నడిపించింది. 1784లో ఆయన కొత్తరకపు తాళానికి పేటెంటు పొందాడు. దాని చెవి గొట్టం వలె ఉంటుంది. గొట్టం చివర వేరువేరు లోతులలో గాట్లు ఉంటాయి. చెవిని లోపలికి నొక్కినప్పుడు తాళంలోని సన్నని పలకలు ఒక్కొక్కటి తనకు నిర్ణయించిన లోతు వరకు జరగాలి. అన్నీ ఒకేసారి సరియైన చోట నిలిస్తేనే తాళం తిరుగుతుంది. ఒక్క పలక వెంట్రుకవాసి తప్పినా తిరగదు. 1790లో ఆయన పికడిల్లీ వీధిలోని తన దుకాణపు కిటికీలో పద్దెనిమిది పలకల తాళమొకటి వ్రేలాడదీసి, చెవి లేకుండా దానిని తెరిచే సాధనం చేసినవారికి 200 గినీలు బహుమతిగా ఇస్తానని ప్రకటించాడు. ఆయన జీవించి ఉండగా ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు.

తాళం గొప్పదే. కాని దానిని చేయడం గగనమయింది. ఆకురాయి పట్టి పలకలను చేతితో అరగదీస్తే ఒకదానికొకటి పొందిక కుదరదు. కుదిరేదాకా అరగదీస్తే ఖర్చు పెరిగి కొనేవారు ఉండరు. ఆ చిక్కులో ఉన్న బ్రామాకు వూలిచ్ ఆయుధాగారంలో నేర్పరి అయిన యువకుడొకడు ఉన్నాడని తెలిసింది. హెన్రీ మాడ్‌స్లే అనే ఆ యువకునికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఏడేళ్ళ శిష్యరికం పూర్తి చేయని కుర్రవానిని తమ సరసన కూర్చోబెట్టడానికి పనివారు సమ్మతించలేదు. అప్పుడు మాడ్‌స్లే మూలనపడి ఉన్న అరిగిపోయిన వైసు ఒకదానిని చూపి, సాయంత్రం పని ముగిసేలోగా దానిని కొత్తదాని వలె చేస్తానన్నాడట. చేసి చూపించాడు. ఇక అభ్యంతరం చెప్పిన నోరు లేదు. 1789లో చేరిన ఆ కుర్రవాడు తాళపు భాగాలను ఒకే కొలతతో తయారుచేసే యంత్రాలను నిర్మించాడు, కొద్దికాలంలోనే కర్మాగారానికి పెద్ద మేస్త్రీ అయ్యాడు. కిటికీలోని పందెపు తాళం కూడా అతని చేతులలోనే రూపొందిందని చెబుతారు.

ఇంతలో బ్రామా దృష్టి నీటి మీదకు మళ్ళింది. మూసి ఉంచిన ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, ఆ పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని ఫ్రాన్సు దేశీయుడు బ్లేజ్ పాస్కల్ అంతకు శతాబ్దం ముందే నిరూపించాడు. ఆయన గ్రంథం 1663లో, ఆయన మరణానంతరం వెలువడింది. రెండు సిలిండర్లను గొట్టంతో కలిపి నీరు నింపామనుకొందాం. చిన్నదాని పిస్టను వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, పెద్దదానిది వంద. చిన్న పిస్టను మీద పది కిలోల బరువు పెడితే పెద్ద పిస్టను వేయి కిలోలను ఎత్తుతుంది. వ్యాసాల తేడా పెరిగే కొద్దీ ఈ లెక్క ఇంకా వింతగా మారుతుంది. పావు అంగుళం వ్యాసం గల పిస్టనును, పన్నెండు అంగుళాల పిస్టనును జతచేస్తే బలం 2304 రెట్లవుతుంది. పంపు పిడి మీటవలె పనిచేసి దానిని మరికొన్ని రెట్లు పెంచుతుంది. ప్రెస్సు పంపు చిన్నదిగా ఉండడం పొదుపు కోసం కాదు. అది చిన్నదిగా ఉండడంలోనే బలమున్నది.

అయితే ప్రకృతి ఉచితంగా ఏమీ ఇవ్వదు. వంద రెట్ల బలం కావాలంటే వంద రెట్ల దూరం చెల్లించాలి. పెద్ద పిస్టను ఒక సెంటీమీటరు కదలడానికి చిన్నది మొత్తం వంద సెంటీమీటర్లు కదలాలి. ఒక్కొక్క విసురుకు అయిదు సెంటీమీటర్లనుకొంటే ఇరవై విసురులు కావాలి. అందుకోసం పంపుకు రెండు కవాటాలు అవసరమయ్యాయి. పిడి ఎత్తినప్పుడు తొట్టిలోని నీటిని లోపలికి రానిచ్చేది ఒకటి. దించినప్పుడు ఆ నీటిని పెద్ద సిలిండరులోకి పంపి, వెనుకకు రానీయక ఆపేది రెండవది. పని ముగిశాక నీటిని తిరిగి తొట్టిలోకి వదలడానికి మరొక మర కావాలి. నేటి వర్క్‌షాపు ప్రెస్సులో అడ్డబల్ల ఎత్తును మార్చుకోవడానికి నిలువు స్తంభాలకు వరుసగా రంధ్రాలు, వాటిలో దూర్చే లావాటి పిన్నులు ఉండడం కూడా ఇందువల్లనే. పిస్టనును వస్తువు దాకా దింపడానికి వృథాగా పంపు కొట్టడం కంటె, వస్తువునే పిస్టను దగ్గరకు చేర్చడం సులభం.

బలం పుట్టగానే సరిపోదు, అది ఆనుకొనే ఆధారం కావాలి. క్షీరసాగర మథనంలో దేవదానవుల భుజబలానికి కొదవలేకపోయినా మందరగిరి కడలిలో క్రుంగిపోయింది. కూర్మరూపుడైన విష్ణువు వీపున మోస్తే గాని చిలకడం సాగలేదు. ప్రెస్సులో ఆ ఆధారం చట్రమే. పిస్టను వస్తువును ఎంత బలంతో క్రిందికి నొక్కుతుందో, సిలిండరు పైదూలాన్ని అంతే బలంతో పైకి నెడుతుంది. అడ్డబల్ల క్రిందికి, పైదూలం పైకి పోజూస్తుంటే, రెండు నిలువు స్తంభాలు సాగదీసిన త్రాళ్ళవలె వాటిని పట్టి ఉంచుతాయి. బలమంతా చట్రంలోనే పుట్టి, చట్రంలోనే చుట్టుముట్టి అణగిపోతుంది కనుక నేల మీద పడేది యంత్రపు బరువు మాత్రమే. ఇరవై టన్నులతో నొక్కే ప్రెస్సును మామూలు సిమెంటు నేల మీద నిలబెట్టగలగడానికి కారణమిదే. ఒకవైపు తెరచి ఉన్న కొక్కెపు ఆకారం చట్రంలో పని చేతికి బాగా అందుతుంది గాని, ఎక్కువ బలానికి దాని నోరు విచ్చుకొంటుంది. కనుక బరువు పనులకు రెండు స్తంభాల చట్రమే నిలిచింది. మరొక్క తేడా కూడా గమనించదగినది. బ్రామా ప్రెస్సులో సిలిండరు క్రింద ఉండి, పిస్టను పైకి లేచేది. నీటిని వదలగానే తన బరువుతో తానే దిగేది. వర్క్‌షాపు ప్రెస్సులో సిలిండరు పైన ఉంటుంది. ద్రవం నెట్టగలదే గాని లాగలేదు కాబట్టి, పిస్టనును తిరిగి పైకి లాగడానికి రెండు ప్రక్కలా స్ప్రింగులు తగిలిస్తారు.

1795లో బ్రామా తన యంత్రానికి పేటెంటు పొందాడు. సూత్రం సరియైనదే. లెక్క సరియైనదే. కాని యంత్రం పని చేయనన్నది. పిస్టను సిలిండరులో కదలాలంటే రెంటి నడుమ సన్నని సందు ఉండక తప్పదు. పీడనం పెరిగే కొద్దీ నీరు ఆ సందులోనుండి చిమ్మింది. చిల్లుకుండను ఎంత నింపితే ఏమి లాభం? సందులో జనుము, పీచు కుక్కి, పైనుండి మరలతో బిగించి చూశారు. నీటిని ఆపేటంతగా బిగిస్తే పిస్టను బిగుసుకుపోయి, పీడనం తగ్గినా తిరిగి దిగలేదు. దిగేటంతగా వదులు చేస్తే నీరు ఆగలేదు. మరుగుదొడ్డిలోను, తాళంలోను ఎదురయిన ప్రశ్నే ఇక్కడ వేయిరెట్లు ఉగ్రరూపంతో నిలిచింది.

ఆ ముడిని విప్పినవాడు బ్రామా కాదు, మాడ్‌స్లే అని పేరున్నది. మాడ్‌స్లే వద్ద పనిచేసిన జేమ్స్ నాస్మిత్ 1883లో ప్రచురించిన తన స్వీయచరిత్రలో ఈ ఘనతను తన గురువుకే ఇచ్చాడు. ఆ ఉపాయం చూడడానికి ఎంతో చిన్నది. సిలిండరు మెడలో చుట్టూ గాడి తీసి, అందులో ఒక తోలు వలయాన్ని కూర్చాలి. ఆ వలయం అడ్డుకోత అంచులున్న కాలువ వలె ఉంటుంది. కాలువ నోరు నీటి వైపు తిరిగి ఉంటుంది. పీడనం పెరగగానే నీరు ఆ నోటిలో చొరబడి, ఒక అంచును పిస్టనుకు, మరొక అంచును సిలిండరు గోడకు అదుముతుంది. నీరు ఎంత బలంగా తప్పించుకోజూస్తే తలుపు అంత గట్టిగా మూసుకొంటుంది. పీడనం తగ్గగానే అంచులు వదులై, పిస్టను హాయిగా వెనుకకు జారుతుంది. బిగించే మర లేదు, విప్పే మనిషి లేడు. శత్రువు బలమే కోటకు కాపలా అయింది.

ఈ వలయం లేకపోతే బ్రామా ప్రెస్సు కాగితం మీద బొమ్మగానే మిగిలేది. యంత్రం యజమాని పేరుతోనే లోకానికి తెలిసింది. జీతగాని నేర్పు యజమాని ఖాతాలో చేరడం ఏ కాలానికీ కొత్త కాదు. అయినా తరువాత జరిగినది చదివినప్పుడు మనస్సు నొచ్చుకొంటుంది. బ్రామా ఇంట్లో పనులు చూసుకొనే సారా టిండెల్‌ను మాడ్‌స్లే 1791లో వివాహమాడాడు. సంసారం పెరిగింది. పెద్ద మేస్త్రీ అయినా అతని జీతం వారానికి 30 షిల్లింగులే. కొంచెం పెంచమని 1797లో అడిగాడు. బ్రామా కాదన్నాడు. ఎనిమిదేళ్ళు పనిచేసిన చోటు విడిచి మాడ్‌స్లే వెళ్ళిపోయాడు. ఒక గినీ 21 షిల్లింగులు. కిటికీలో తాళం ప్రక్కన ఎవరికో ఇస్తానన్న 200 గినీలు ఆ తాళాన్ని చేసినవానికి 140 వారాల జీతమవుతాయి. ఆ తాళమంత జాగ్రత్తగా బ్రామా తన మేస్త్రీని కాపాడుకోలేకపోయాడు. మాడ్‌స్లే సొంతంగా పెట్టుకొన్న కర్మాగారం ఇంగ్లండులో యంత్రనిర్మాణ విద్యకు పుట్టినిల్లుగా పేరు పొందింది. మర చుట్లను తప్పులేకుండా కోసే లేతు మిషను అక్కడనే పరిణతి చెందింది.

బ్రామా స్వభావంలో ఇటువంటి వైరుధ్యాలు లేకపోలేదు. తన జీవితకాలంలో 1778 నుండి 1812 వరకు 18 పేటెంట్లు పొంది వాటిని జాగ్రత్తగా కాచుకొన్న ఆయనే, ఆవిరియంత్రంపై జేమ్స్ వాట్ హక్కులకు సంబంధించిన వ్యాజ్యంలో వాట్‌కు ప్రతికూలంగా నిలిచాడు. వాట్ తన యంత్రాన్ని పేటెంటులో స్పష్టంగా వర్ణించలేదని వాదిస్తూ 1797లో న్యాయమూర్తికి సుదీర్ఘమైన లేఖ వ్రాసి అచ్చువేయించాడు. ఆ వ్యాజ్యంలో చివరకు వాట్ పక్షమే గెలిచింది. సారాయి అంగళ్ళలో నేలమాళిగ నుండి బీరును పైకి తోడే పంపు, కలపను చదునుచేసే భారీ యంత్రం, 1806లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు నోట్లపై వరుస సంఖ్యలు ముద్రించే యంత్రం, ఈకలను కోసి కలం పాళీలు చేసే యంత్రం - ఇవన్నీ ఆయన సృష్టులే.

ప్రెస్సుకు మాత్రం రోజురోజుకూ కొత్త పనులు దొరికాయి. ఎండుగడ్డిని, ప్రత్తిని బేళ్ళుగా అదమడం, గింజల నుండి నూనె పిండడం, బరువులెత్తడం దానికి అలవాటయ్యాయి. ఓడలో స్థలం విలువైనది కనుక ప్రత్తి వ్యాపారానికి బేళ్ళ అదుముడు ప్రాణమయింది. గుంటూరు, ఆదోని, ఆదిలాబాదు ప్రాంతాల ప్రెస్సింగు మిల్లులలో బేలు కట్టే యంత్రాలకు మూలపురుషుడు బ్రామాయే.

చివరి యత్నం చెట్ల మీద జరిగింది. హ్యాంప్‌షైరులోని హోల్ట్ అడవిలో మహావృక్షాలను వేళ్ళతో పెకలించడానికి ఆయన తన యంత్రాన్ని నియోగించాడు. సుమారు 300 చెట్లు అలా నేలకొరిగాయని ఆయన చరిత్రకారులు వ్రాశారు. అరవైయారేళ్ళ వయస్సులో పని వద్ద తానే నిలబడి పర్యవేక్షిస్తూ చలిగాలికి జబ్బుపడ్డాడు. అది ఊపిరితిత్తులకు సోకింది. 1814 డిసెంబరు 9వ తేదీన లండన్‌లోని పిమ్లికోలో ఆయన కన్నుమూశాడు. పాడింగ్టన్‌లోని చర్చి ఆవరణలో ఆయనను ఖననం చేశారు.

ఆయన లేకపోయినా యంత్రానికి పరీక్షలు తప్పలేదు. వేల్స్‌లోని మెనాయ్ జలసంధిపై రాబర్ట్ స్టీఫెన్‌సన్ నిర్మిస్తున్న బ్రిటానియా వంతెన కోసం వేయి టన్నులకు పైబడిన ఇనుప గొట్టాలను హైడ్రాలిక్ ప్రెస్సులతో పైకెత్తసాగారు. 1849 ఆగస్టు 17న ఒక ప్రెస్సు సిలిండరు అడుగుభాగం ఊడి పడిపోయింది. గొట్టం లేచిన కొద్దీ దాని క్రింద ఎప్పటికప్పుడు ఆధారం పేర్చుతూ రావాలని స్టీఫెన్‌సన్ ముందే ఆజ్ఞాపించి ఉండడం వలన, అది కొద్ది అంగుళాలు మాత్రమే జారి నిలిచిపోయింది. సిలిండరు గోడ ఎంత మందముండాలన్న విషయాన్ని గణితవేత్త పీటర్ బార్లో అంతకుముందే, 1830లలో, బ్రామా ప్రెస్సును ముందుంచుకొని విచారించాడు. లోపలి పొర మీదనే ఎక్కువ భారం పడుతుందని, గోడను మందం చేసుకుంటూ పోతే బలం అదే నిష్పత్తిలో పెరగదని అతడు చూపాడు. లోపలి మూలలు కోసుగా ఉంటే భారమంతా అక్కడ పోగుపడుతుంది. నేటి సిలిండర్లను పోత ఇనుముతో కాక ఉక్కుతో, మూలలు గుండ్రంగా చేయడం ఈ అనుభవాల ఫలమే. తుప్పుపట్టించే నీటి స్థానంలో, కదిలే భాగాలకు జారుడునిచ్చే నూనె వచ్చింది.

పందెపు తాళానికి కూడా ఒకరోజు వచ్చింది. 1851లో లండన్ మహాప్రదర్శనకు వచ్చిన అమెరికా దేశపు తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ పదహారు రోజులలో మొత్తం 51 గంటలు శ్రమించి దానిని తెరిచాడు. అది తెరచిన పద్ధతి న్యాయమైనదేనా అని కొంత వివాదం నడిచినా, 200 గినీలు అతనికి దక్కాయి. ఆ తాళం తరువాత లండన్ సైన్స్ మ్యూజియానికి చేరింది.

తోలు వలయానికి మాత్రం మ్యూజియంలో కూర్చొనే తీరిక దొరకలేదు. తోలు పోయి రబ్బరు, రబ్బరు తరువాత పాలియురెథేన్ వచ్చాయి. నోరు ద్రవం వైపు తెరచి ఉంచే ఆకారం మారలేదు. వర్క్‌షాపులో ప్రెస్సు నూనె కారుస్తున్నదంటే మెకానిక్కు మొదట సిలిండరు విప్పి బయటకు తీసి చూసేది ఆ వలయాన్నే. అంచు అరిగి ఉంటే కొత్తది వేసి, నోరు ఏ వైపు ఉన్నదో మరొకసారి చూసుకొని బిగిస్తాడు.